టాలహాసీలో రన్నరప్ సార్

అక్క కొడుకు టాలహాసీలో ఎంఎస్‌లో చేరి ఏడాదిన్నర దాటింది. "అట్లాంటాలో ఉండి కూడా ఒక్కసారి వాణ్ణి చూసి రాలేదు నువ్వు" అని అక్క ప్రతి ఆదివారం ఫోన్లో దెప్పుతుంటే ఇక తప్పలేదు. మొన్న మార్చిలో ఒక శుక్రవారం సెలవు పెట్టి, డిక్కీలో ఇరవై పౌండ్ల సోనామసూరి, నాలుగు పచ్చడి సీసాలు, మా ఆవిడ చేసిన ఓళిగలు సర్దుకుని బయల్దేరాను.

ఐ-75 సంగతి చెప్పేదేముంది. ఊరు దాటడానికే గంటన్నర. టిఫ్టన్ దగ్గర హైవే వదిలేసి మౌల్ట్రీ వైపు తిరిగాకే ప్రాణం కుదుటపడింది. అటూ ఇటూ దున్నిన పొలాలు, ఎర్రమట్టి. దక్షిణ జార్జియా అంతా చెనిక్కాయల సీమ అని విన్నాను గానీ, దారి పక్క కొట్లో ఉడకబెట్టిన కాయలు అమ్ముతారని అనుకోలేదు. పెద్ద గిన్నెలో ఉప్పునీళ్లలో తేలుతున్నాయి. థర్మాకోల్ గ్లాసు నిండా ఆరు డాలర్లు! మా అనంతపురం బస్టాండులో పది రూపాయలకు పొట్లం నిండా ఇచ్చేవాళ్లు అని లోపల గొణుక్కుంటూనే కొన్నాను. తొక్క మెత్తగా నానిపోయింది. పళ్ల మధ్య నొక్కితే ఉప్పునీళ్లు చిమ్మి మోచేతి దాకా కారాయి. పప్పు కరకరలాడదు, ఉడికిన అలసందలా ఉంటుంది. ఐదు నిమిషాల్లో గ్లాసు ఖాళీ. ఇంకోటి కొన్నాను, ఇంకో ఆరు డాలర్లు.

టాలహాసీ ఫ్లోరిడా రాజధాని. మార్చిలో అక్కడ అసెంబ్లీ నడుస్తుంటుంది కాబట్టి మామూలప్పుడు ఎనభై డాలర్లుండే హైవే పక్క మోటెల్ కూడా నూట తొంభై అంది. మా వాడి గదిలో సర్దుకుందామంటే రెండు బెడ్రూముల్లో ఐదుగురు కుర్రాళ్లు. నూట తొంభై కట్టాను. ఆ మంట మీద ఉండగానే వాడు "మామా, సాయంత్రం బేస్‌బాల్ మ్యాచ్‌కు పోదాం. ఈ ఊరొచ్చి అది చూడకుండా పోకూడదు" అన్నాడు. నాకు ఆ ఆట ముక్క అర్థం కాదు. పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను, టీవీలో వస్తే ఛానెల్ మారుస్తాను. కానీ మోటెల్ గదిలో కూర్చుని ఆ నూట తొంభై గురించి ఆలోచించడం కంటే నయమని వెళ్లాను.

ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల బేస్‌బాల్ స్టేడియం పేరు డిక్ హౌసర్ స్టేడియం. లోపల ఆట జరిగే మైదానం పేరు మాత్రం మైక్ మార్టిన్ ఫీల్డ్. ఒక గ్రౌండుకు రెండు పేర్లెందుకురా అంటే మా వాడికి తెలీదు. తెలిసిన మనిషి నా పక్క సీట్లోనే ఉన్నాడు. డెబ్బై దాటిన తెల్లాయన, వెలిసిపోయిన టోపీ, ఒళ్లో లెక్కల పుస్తకం లాంటిది. బంతి పడ్డప్పుడల్లా పెన్సిల్‌తో చిన్న చిన్న గడుల్లో ఏదో రాసుకుంటున్నాడు. ఒకచోట ఇంగ్లీషు 'కె' అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాశాడు. పెద్దాయన పొరపాటున రాశాడేమో అనుకుని ఊరుకోలేక అడిగాను. నవ్వాడు. బ్యాటర్ మూడో స్ట్రైక్‌కు బ్యాట్ ఊపి అవుటైతే మామూలు 'కె', ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే తిరగేసిన 'కె' అట. ఇంతలో నా చేతుల ఉప్పువాసన పసిగట్టి "దారిలో కాయలు తిన్నావా?" అన్నాడు. మా ఊళ్లోనూ అదే పంట అని చెప్పాను. ఇక ఆయన్ని ఆపేవాళ్లు లేరు.

హౌసర్ ఇక్కడే చదివి ఆడినవాడు. 1979లో ఒక్క ఏడాది కోచ్‌గా చేశాడు. ఆ వెంటనే న్యూయార్క్ యాంకీస్ అనే ప్రొఫెషనల్ జట్టు పిలిస్తే మేనేజర్‌గా, అంటే హెడ్ కోచ్‌గా, వెళ్లిపోయాడు. తర్వాత 1985లో కాన్సస్ సిటీ రాయల్స్‌కు ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పెద్ద కప్పయిన వరల్డ్ సిరీస్ గెలిపించి, రెండేళ్లకు మెదడులో కణితితో పోయాడు. ఆయన వదిలేసిన కుర్చీలో 1980లో అసిస్టెంటుగా ఉన్న మైక్ మార్టిన్ కూర్చున్నాడు. ఈయనా ఇక్కడ ఆడినవాడే. మధ్యలో ఇదే ఊళ్లో కమ్యూనిటీ కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్‌గా కూడా చేశాడు. కూర్చున్నవాడు 2019 దాకా లేవలేదు. నలభై సీజన్లు! ఒక్క ఏడాదికి స్టేడియం పేరు, నలభై ఏళ్లకు నేల పేరు. ఇది నా లెక్క, పెద్దాయన అలా అనలేదు.

ఆ నలభై ఏళ్లలో 2,029 గెలుపులు. కాలేజీ బేస్‌బాల్ పై డివిజన్లో అన్ని ఆటలు గెలిచిన కోచ్ ఇంకొకడు లేడు. అంతకుముందు 1,975తో ఆగీ గారిడో అనే ఆయన ముందుండేవాడు, 2018లో మార్టిన్ ఆయన్ని దాటాడు. ఏ సీజన్లోనూ నలభైకి తక్కువ గెలవలేదు, ఏ ఏడాదీ జాతీయ టోర్నమెంటుకు పోకుండా ఉండలేదు. తర్వాత ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న బస్టర్ పోసీ ఈయన దగ్గరే తయారయ్యాడు. 2008లో ఒక మ్యాచ్‌లో ఆ కుర్రాడి చేత తొమ్మిది స్థానాల్లోనూ ఆడించాడట. బౌలింగూ, కీపింగూ, స్లిప్పూ, బౌండరీ లైనూ అన్నీ ఒకడే అన్నమాట. మార్టిన్‌ను ఆటగాళ్లు పేరుతో కాదు, జెర్సీ నంబరుతో పిలిచేవాళ్లు. ఎలెవన్.

"మరి ఎన్ని కప్పులు?" అన్నాను. మనవాళ్ల మొదటి ప్రశ్న అదే కదా.

పెద్దాయన పెన్సిల్ ఆగింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు.

ఏటా జూన్‌లో ఎనిమిది జట్లు నెబ్రాస్కాలోని ఒమాహాకు చేరతాయి. ఆఖరి పోటీ అక్కడే. మార్టిన్ తన జట్టును పదిహేడుసార్లు తీసుకెళ్లాడు. 1986లో ఫైనల్ దాకా పోయి అరిజోనా చేతిలో 10-2తో ఓడాడు. 1999లో మళ్లీ ఫైనల్, మయామీ చేతిలో 6-5. ఒక్క పరుగు! ఆఖరి ఏడాది 2019లో కూడా ఒమాహా వెళ్లి, మొదటి ఆట 1-0తో గెలిచి, తర్వాత రెండూ ఓడి ఇంటికొచ్చాడు. పదిహేడుసార్లు కొండెక్కి, క్యూలో నిలబడి, తలుపులు మూసేశాక దర్శనం లేకుండా దిగొచ్చినట్టు. అవతల గారిడోకేమో ఐదు కప్పులు.

"నేనూ తిట్టినవాణ్ణే" అన్నాడు పెద్దాయన, నేను అడక్కుండానే. జూన్ వస్తే చాలు, ఈయన్ని తీసేసి ఇంకొకణ్ణి తెమ్మని బార్బర్ షాపులో అరిచేవాణ్ణన్నాడు. ఫిబ్రవరి రాగానే మళ్లీ ఇదే సీటు.

ఐదో ఇన్నింగ్స్ నడుమ మా చుట్టుపక్కల వాళ్లందరూ లేచి నిలబడి కెనడా జాతీయగీతం ఎత్తుకున్నారు. ఎదుటి జట్టు కెనడా వాళ్లేమోనని బోర్డు వైపు చూశాను, కాదు. ఈ సెక్షన్ బి జనాన్ని 'యానిమల్స్' అంటారట, ఇది వాళ్ల ఆనవాయితీ. మా వాడు చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ పాడుతున్నాడు. జనగణమనకు స్కూల్లో వీణ్ణి నిలబెట్టడానికి అక్క ఎన్ని తిప్పలు పడిందో నాకు తెలుసు.

నా మనసు మాత్రం ఆ సున్నా దగ్గరే ఉండిపోయింది. మా డిగ్రీ కాలేజీలో పీడీ సార్ ఉండేవాడు. బక్క మనిషి, మెడలో విజిల్, చేతిలో సున్నం బకెట్. కబడ్డీ కోర్టుకు గీతలు గీయడానికి అటెండర్ ఉన్నా, పొద్దున్నే ఐదున్నరకు తనే వంగి గీసేవాడు. ప్యాంటు అంచులు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి. మా టీమ్ ప్రతి ఏడూ యూనివర్సిటీ ఫైనల్‌కు పోయేది, ఓడిపోయేది. నేను చదివిన మూడేళ్లూ అంతే, మా ముందు బ్యాచ్‌లూ అదే చెప్పేవి. అందరం రన్నరప్ సార్ అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేను కాదు గానీ, స్టాఫ్ రూమ్ కిటికీ కింద నిలబడి గట్టిగా అరిచినవాళ్లలో ఉన్నాను. ఆయన తల బయటపెట్టి "రేపు ఐదున్నరకు రారా, ఆ గొంతు కూతకు పనికొస్తుంది" అన్నాడు. నేను పోలేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కు చలిగాలి మొదలైంది. మార్టిన్ 2024 ఫిబ్రవరి 1న పోయారని, కొత్త సీజన్ ఇంకో రెండు వారాల్లో మొదలవుతుందనగా పోయారని పెద్దాయన చెప్పాడు. ఇప్పటి కోచ్ లింక్ జారెట్ ఒకప్పుడు మార్టిన్ దగ్గర షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో మూడో బేస్‌ల మధ్య కాపు కాసే ఫీల్డర్‌గా, ఆడినవాడే. ఆ జూన్‌లో అతనూ జట్టును ఒమాహా తీసుకెళ్లాడు. "కప్పు?" అనబోయి నోరు మూసుకున్నాను. పెద్దాయన పుస్తకం మూసి, పెన్సిల్ చెవి మీద దోపుకుని వెళ్లిపోయాడు. పేరు అడగలేదు నేను.

శనివారం, ఆదివారం గురించి రాయడానికేమీ లేదు. మా వాడి గదిలో బిర్యానీ వండుకున్నాం, రైస్ కుక్కర్ మాడింది.

మైదానం పేరున్న బోర్డుకు తీసిన ఫోటో ఆదివారం రాత్రి ఇంటికి చేరాక కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, "మన రన్నరప్ సార్ ఎక్కడున్నాడో ఎవరికైనా తెలుసా" అని రాశాను. నిమిషంలో పదకొండు నవ్వు బొమ్మలు వచ్చాయి. రిటైరై ధర్మవరంలో ఉన్నాడని ఒకడు, లేదు పోయి చాలా ఏళ్లయిందని ఇంకొకడు. కాలేజీ ఆఫీసులో కనుక్కుంటాను, సార్ అసలు పేరు చెప్పండి అన్నాడు అక్కడే లెక్చరర్‌గా చేస్తున్న మావాడు. అరవై ముగ్గురున్న గ్రూపు. 'ర'తో మొదలయ్యేదని ఒకరు, కాదు ఇంటిపేరు 'ర' అని ఇంకొకరు. నాకూ గుర్తు రాలేదు.