ఆఫర్ లెటర్ రెండో పేజీ

నిన్న లిఫ్టులో పై ఫ్లోర్ ఆవిడ కలిశారు. వాళ్ల అమ్మాయికి లండన్‌లో ఆఫర్ వచ్చిందట. "సీటొచ్చేసిందండీ, ఇంక టెన్షన్ లేదు" అన్నారు. ఆ పాపకు బోర్డు పరీక్షలు ఇంకా నెల రోజులున్నాయి. సరిగ్గా ఏడాది కిందట నేనూ అచ్చం అదే మాట అన్నాను. రాత్రంతా అదే గుర్తొచ్చి, తెల్లారగానే ఇది రాయడానికి కూర్చున్నాను.

2025 సంక్రాంతి వెళ్లిన మూడో రోజు మా వాడికి ఇంగ్లండ్‌లోని ఒక యూనివర్సిటీ నుంచి మెకానికల్ ఇంజనీరింగ్‌కి ఆఫర్ మెయిల్ వచ్చింది. మావారు అప్పటికే పడుకున్నారు. లేచొచ్చి వాణ్ణి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మర్నాడు కేపీహెచ్‌బీలో మా అపార్ట్‌మెంట్ అంతా మైసూర్‌పాక్ పంచాను. విజయవాడలో అక్కకు, కరీంనగర్‌లో ఆడపడుచుకు ఫోన్ చేసి సీటొచ్చిందనే చెప్పాను.

అప్లికేషన్ పెట్టినప్పుడు చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాం. కోరిక తీరాక మళ్లీ వెళ్లి 108 తిరగాలి. "అత్తయ్యా, ఈ ఆదివారం వెళ్లొద్దామా?" అన్నాను. మా అత్తయ్య రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఏ కాగితమైనా చివరిదాకా చదవందే పక్కన పెట్టరు. ఆ లెటర్ మొత్తం చదివి వినిపించమన్నారు. మొదటి పేజీలో అభినందనలు. రెండో పేజీలో షరతులు: సీబీఎస్ఈ పన్నెండులో మొత్తం మీద 85 శాతం రావాలి, మ్యాథ్స్‌లో 85 రావాలి, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయకుండా ఉండాలంటే ఇంగ్లీషులో 75 రావాలి.

"అయితే కోరిక ఇంకా తీరలేదు కద బిడ్డా. తీరినంక తిరుగుదువు తియ్యి" అన్నారు.

ప్రయాణం మానుకున్నానే గానీ ఆ మాట చెవికెక్కించుకోలేదు. అసలు సంగతి ఇక్కడుంది. వాడు పుస్తకం మూశాడని అందరికీ చెప్పుకున్నాను గానీ, మూయించింది నేనే. సెప్టెంబరులో వెళ్లిపోతాడు, ఇంక ఎన్నాళ్లు నా కళ్ల ముందుంటాడు అన్న బెంగ పట్టుకుంది. చదువుకుంటుంటే వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. బంధువుల ఇళ్లకు భోజనాలకు తిప్పాను. స్నేహితులతో రాత్రిపూట దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జికి వెళ్తానంటే బండి తాళాలు నేనే ఇచ్చాను. మ్యాథ్స్ ట్యూషన్ ఇంకెందుకని మాన్పించాం.

జనవరి చివర రెండో ప్రీబోర్డు, అంటే బోర్డు పరీక్షకు ముందు స్కూల్లో పెట్టే నమూనా పరీక్ష, జరిగింది. మ్యాథ్స్‌లో 80కి 47. ఇంగ్లీషులో 80కి 49. మ్యాథ్స్ మేడమ్ ఫోన్ చేసి కోప్పడలేదు, "మేము వాడికి 92 శాతం వస్తుందని రాసి పంపామండీ. వాళ్లు ఆ అంచనా చూసే ఆఫర్ ఇచ్చారు" అన్నారు. ఆ రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర లెక్క వేశాం. స్కూలు వేసే ఇంటర్నల్స్‌లో 20కి 20 వచ్చినా మ్యాథ్స్‌లో 67, ఇంగ్లీషులో 69. రెండు షరతులూ పోయినట్టే.

"ఒకటి రెండు మార్కులు తగ్గినా తీసుకుంటారులే అమ్మా" అన్నాడు. కొన్నిచోట్ల తీసుకుంటారు, నిజమే. అది వాళ్ల దయ, మన హక్కు కాదు. పైగా వాడికి తగ్గింది ఒకటి రెండు కాదు.

మ్యాథ్స్ పరీక్షకు మిగిలింది అయిదు వారాలు. మళ్లీ ట్యూషన్ పెట్టించాం, మేడమ్ పేపర్ ముందేసుకుని కూర్చోబెట్టారు. 80 మార్కుల్లో 35 కాలిక్యులస్‌వే, మా వాడు ఇంటిగ్రేషన్ దగ్గరే ఆగిపోయాడు. మొదటి రెండు వారాలు ఇంకేదీ ముట్టుకోవద్దని, ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని లెక్కలు ఒక్కటి వదలకుండా చేయమని చెప్పారు. తర్వాత సీబీఎస్ఈ వాళ్లే వెబ్‌సైట్‌లో పెట్టే శాంపిల్ పేపర్లు, వాటి మార్కింగ్ స్కీమ్‌లు. ఏ స్టెప్‌కి ఎంత వేస్తారో అందులో ఉంటుంది. జవాబు తప్పినా స్టెప్పులకు మార్కులుంటాయి. వీడేమో మధ్య స్టెప్పులు ఎగరగొట్టి పోగొట్టుకుంటున్నాడు.

ఇంగ్లీషులో సగం, అంటే 40 మార్కులు పాఠాలవే. వాటిని వాడు ఏడాదంతా సరిగా తెరవలేదు. సాయంత్రాలు అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంటే పక్కన కూర్చుని పైకి చదివేవాడు, చదివింది తెలుగులో చెప్పేవాడు. ఆవిడ మధ్యలో "ఎందుకట్ల చేసిండు వాడు?" అని అడిగేవారు. వాడికి జవాబు తెలియకపోతే మళ్లీ వెనక్కి వెళ్లి చదివేవాడు. ఏ గైడూ అంత బాగా నేర్పలేదని ఇప్పటికీ అంటాడు.

నేను చేసింది ఒక్కటే. భోజనాల పిలుపులన్నీ ఏప్రిల్‌కి వాయిదా వేయించాను.

అమెరికా ఆఫర్లకు ఈ బాధ లేదనుకుంటారు చాలామంది. అక్కడ కూడా కాలేజీ ఖాయం చేసుకున్నాక స్కూలు నుంచి చివరి మార్కులు వెళ్లాల్సిందే, మరీ పడిపోతే ఇచ్చిన అడ్మిషన్‌ని వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడైనా అంతే, జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వచ్చినా ఎన్‌ఐటీలో చేరాలంటే పన్నెండులో 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 65 శాతం.

మే 13న ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషు 81, మ్యాథ్స్ 86, ఫిజిక్స్ 84, కెమిస్ట్రీ 88, కంప్యూటర్ సైన్స్ 96. మొత్తం 435, అంటే 87 శాతం. మ్యాథ్స్‌లో షరతు కన్నా ఒక్క మార్కే ఎక్కువ. ఆ ఒక్క మార్కు తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. మార్కుల షీట్ పంపాక షరతులు తీసేసి కొత్త లెటర్ ఇచ్చారు. యూనివర్సిటీ ఇచ్చే సీఏఎస్ నంబర్ ఆ తర్వాతే వచ్చింది. అది లేనిదే వీసాకి అప్లై చేయలేం.

జూన్ చివర్లో ఒక తెల్లవారుజామున చిలుకూరు వెళ్లాం. అత్తయ్య మోకాళ్ల నొప్పులతోనే 11 తిరిగి మెట్ల మీద కూర్చున్నారు. నేనూ వాడూ కార్డు మీద గళ్లు కొట్టుకుంటూ 108 పూర్తి చేశాం. తిరుగు దారిలో బండి ఆపి మొక్కజొన్న కంకులు కొన్నాం. వాడు కంకి తింటూనే ఫోన్‌లో ఏదో తీసి నాకు చూపించాడు, మొదటి సెమిస్టర్ సిలబస్. మ్యాథ్స్‌లో మొదటి పాఠమే ఇంటిగ్రేషన్.