వగరు నీళ్ళలో ఇరుక్కుపోయిన చేప పిల్లలు

పోయిన నెల మా కోరీలు (అక్వేరియంలో పెంచే చిన్న మీసాల చేపలు) ట్యాంకు అద్దానికి గుడ్లు పెట్టాయి, ఓ యాభై దాకా ఉంటాయి. వేలితో మెల్లగా దొర్లించి తీసి, చిన్న డబ్బాలో వేసి గాలి బుడగలొచ్చే ఎయిర్ స్టోన్ పెట్టా. అంతకుముందు బ్యాచ్‌లో సగానికి సగం బూజు పట్టి పోయాయి కాబట్టి ఈసారి ఛాన్స్ ఇవ్వకూడదని బాదం ఆకులు మరిగించి ఆ కషాయం మొత్తం పోసేశా, నీళ్ళు ఎంత నల్లబడ్డాయంటే గుడ్లు కనపడాలంటే టార్చ్ కొట్టాల్సొచ్చింది.

బూజు అయితే పట్టలేదు. మూడో రోజుకి ఒక్కో గుడ్డులో రెండు నల్ల చుక్కలు, అంటే కళ్ళు. ఫోన్‌కి మాక్రో లెన్స్ తగిలించి చూస్తే లోపల తోక టపటపా కొట్టుకుంటోంది, భలే ముచ్చటేసింది. నాలుగో రోజు బయటికి రావాలి, రాలేదు. ఐదో రోజు కూడా లోపలే తన్నుకుంటున్నాయి. ఆరో రోజుకి చాలావాటిలో కదలిక ఆగిపోయింది. ఒకదాన్ని సూదితో గీకి చూస్తే పైపొర చిరగట్లేదు, తోలు ముక్కలా బిరుసుగా ఉంది.

తోలు అని ఊరికే అనలేదు. వగరు కాయ కొరికితే నాలుక మొద్దుబారినట్టు అవుతుంది కదా, అది టానిన్ పనే, లాలాజలంలో ప్రోటీన్లని పట్టేసుకుంటుంది. పచ్చి చర్మాన్ని తోలుగా మార్చేదీ ఇదే గుణం. నేను మరిగించిన బాదం ఆకుల్లో ఉండేదీ ఈ టానినే. చేప గుడ్డు పైపొర కూడా ప్రోటీనే. పొదిగే టైమొచ్చినప్పుడు పిల్ల ఒంటిమీది గ్రంథుల నుంచి ఒక ఎంజైమ్ వచ్చి ఆ పొరని లోపలినుంచి కరిగిస్తుంది, అప్పుడు తోకతో ఒక్క తన్ను తంతే బయటపడుతుంది. టానిన్ ఎక్కువైతే పొర గట్టిపడుతుంది, ఎంజైమ్ కూడా ప్రోటీనే కాబట్టి దాని పనీ దెబ్బతింటుంది. పాపం పిల్ల ఎంత తన్నినా లాభమేంటి.

చేప గుడ్లు పొదిగించే హ్యాచరీ వాళ్ళకి ఇది పాత సంగతే. కామన్ కార్ప్ (బంగారు తీగ) చేప గుడ్లు బాగా జిగురు, ఒకదానికొకటి అంటుకుని ముద్దైపోతాయి, అందుకని లీటరు నీళ్ళకి 3 గ్రాముల యూరియా, 4 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంలో కలియబెట్టి, చివర్లో పల్చటి టానిక్ యాసిడ్‌లో (ఇదీ టానినే) కాసేపు ముంచి వెంటనే కడిగేస్తారు. అసలు కిటుకంతా ఆ వెంటనే కడగడంలోనే ఉంది, నేనేమో రోజుల తరబడి నానబెట్టా!

మరి అమెజాన్‌లో రియో నీగ్రో నది నీళ్ళు టీ డికాషన్‌లాగే ఉంటాయి, కార్డినల్ టెట్రా చేపలు అక్కడే పుట్టి పెరుగుతాయి కదా అంటారా. నేనూ ఇదే వాదన పెట్టుకుని పోశా. కానీ ఆ చేపలు తరతరాలుగా ఆ నీళ్ళకి అలవాటుపడ్డవి, పైగా ఆ రంగు ఎక్కువగా కుళ్ళి మారిపోయిన హ్యూమిక్ పదార్థాలది, అప్పుడే మరిగించిన ఆకు రసం కాదు. ఆస్ట్రేలియాలో 2010-11 వరదలప్పుడు అడవుల్లో పేరుకున్న యూకలిప్టస్ ఆకులన్నీ ఒకేసారి నానిపోయి ముర్రే నది నల్లబడి, ఆకులు కుళ్ళబెట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్ లాగేసుకుని చేపలు కుప్పలుగా చచ్చాయి. గుడ్లకీ ఆక్సిజన్ ఆ పొర గుండానే అందాలి, కాబట్టి చిన్న డబ్బాలో ఆకులు కుక్కితే అదో దెబ్బ.



తర్వాతి బ్యాచ్‌కి మరిగించడం మానేసి ఒక్క ఎండు ఆకు ముక్క వేశా, నీళ్ళు లేత పసుపు రంగులో ఆగాయి. కళ్ళు కనపడగానే గుడ్లని మామూలు నీళ్ళలోకి మార్చేశా. బూజు ఐదారింటికి పట్టింది, వాటిని డ్రాపర్‌తో తీసి పడేశా. మిగతావి నాలుగో రోజు పొద్దున్నే బయటపడ్డాయి, రెండు రోజులు పొట్ట కింద సొనతోనే గడిపేశాయి. ఆ తర్వాత పాత ఆకు తెచ్చి వాటి దగ్గర పడేశా, ఇప్పుడు దాని కిందే దూరి ఆకు మీద పట్టిన జిగటని గీక్కుని తింటున్నాయి, ఆకు ఎత్తితే చాలు మీసాలేసుకుని నలుదిక్కులా పరిగెడతాయి.