ఏ కీళ్లో ముందు చూడండి

మోకాళ్ల ఎక్స్‌రేకి వచ్చినవాళ్లను నేను పడుకోమనను, నిలబడమంటాను. "నొప్పని వస్తే నిలబెడతావేటమ్మా?" అని కవిటి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను దులిపేసింది. ఒంటి బరువు పడితేనే ఎముకల మధ్య సందు ఎంత మిగిలిందో ఫిల్ములో తెలుస్తుంది. ఎముకల చివర ఉండే మెత్తటి పొర, అదే మృదులాస్థి, జనం గుజ్జు అంటారు, ఎలాగూ ఎక్స్‌రేలో కనబడదు, ఆ సందును బట్టే అంచనా.

"గుజ్జు అయిపోయిందా?" అని అందరూ అడిగేదే. ఆస్టియో ఆర్థరైటిస్‌లో, అంటే కీళ్ల అరుగుదలలో, గుజ్జు ఒక్కటే కాదు, దాని కింది ఎముక, కీలు లోపలి పొర, చుట్టూ కండరాలు అన్నీ దెబ్బతింటాయి. పైగా ఫిల్ము ఘోరంగా ఉన్నా చకచకా నడిచి వెళ్లేవాళ్లున్నారు, ఫిల్ము బాగానే ఉన్నా మెట్లు దిగలేనివాళ్లూ ఉన్నారు.

మా అప్ప పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. రోజంతా బొటనవేలికీ చూపుడువేలికీ తీరిక ఉండదు. ఇప్పుడు కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర, ఎముక కాస్త పక్కకు పొడుచుకొచ్చింది. సీసా మూత తిప్పలేదు, తడిబట్ట పిండలేదు. ఊళ్లో వాతమని తేల్చేశారు.

ఈ అరుగుదల ఎక్కువగా పట్టేది మోకాళ్లు, తుంటి, మెడ, నడుము, కాలి బొటనవేలి మొదలు, చేతిలో బొటనవేలి మొదలు, వేళ్ల చివరి, మధ్య కీళ్లు. పాత దెబ్బ ఉంటే తప్ప మోచేయి, చీలమండ జోలికి పెద్దగా పోదు. పొద్దున బిగుసుకున్నా సాధారణంగా అరగంటలోపు సర్దుకుంటుంది. రెండు మణికట్లూ, పిడికిలి కణుపులూ వాచి, గంట దాటినా పట్టు వదలకపోతే మాత్రం రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు, అనుమానించాలి. దాని మందులు వేరు, ఆలస్యం చేస్తే కీళ్లు పాడైపోతాయి.

అప్పకి మోకాళ్ల కోసం తొడ కండరాల వ్యాయామం కూడా నేర్పించాను, కుర్చీలో కూర్చుని కాలు చాపి కాసేపు నిలపడం. మోకాళ్లకు అంతకంటే చవకైన మందు నాకు తెలీదు. బొటనవేలికి డాక్టరు పట్టీ ఇచ్చారు. కిలోల లెక్కన కూలి కదా, పట్టీతో చెయ్యి సాగదని పనిలో తీసేస్తుంది. ఇంట్లోనే పెట్టుకుంటుంది.

నా టెన్షనల్లా మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలతోనే. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలనే లేదు, అలాంటి చోట వీటిని బఠాణీల్లా మింగుతున్నారు. పైపూత జెల్ అయితే రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది, కిడ్నీ జబ్బున్నవాళ్లు అదీ అడిగే వాడాలి. ఈసారి శ్రీకాకుళం వచ్చినప్పుడు కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ కూడా చూపిద్దామన్నాను.

"ఏలు నొప్పికి కిడ్నీ పరీచ్చేటే?" అంది అప్ప. సరే, వస్తానని మాత్రం ఒప్పుకుంది.