మడతపడిన ఫైకస్ ఆకుల్లో తామర పురుగు: పేరు తేల్చే పని ఇక్కడిదాకా వచ్చింది

కుండీల్లో, తోటల్లో అందానికి పెంచే ఫైకస్ బెంజమీనా లేత ఆకులు నడిమి ఈనె దగ్గర మడతపడితే, విప్పి చూడండి, లోపల ఓ పెద్ద సంసారమే ఉంటుంది: గుడ్లు, పాలిపోయిన పసుపు పిల్లలు, నల్లటి పెద్ద పురుగులు. ఇవే తామర పురుగులు (త్రిప్స్). పొట్ట చివరి ఖండం గొట్టంలా ఉంది కాబట్టి తామర పురుగుల్లో ట్యూబులిఫెరా అనే ఉపక్రమం, అందులో ఫ్లియోత్రిపిడే కుటుంబం. ఇంతవరకూ పెద్ద కష్టం లేదు.

అసలు చిక్కు గైనైకోత్రిప్స్ ప్రజాతిలో. ఇందులో రెండు జాతులు కలగాపులగం అవుతాయి: బెంజమీనా మీద దొరికితే ఉజెలి, మరో ఫైకస్ అయిన మైక్రోకార్పా మీద దొరికితే ఫికోరమ్ అని రాసేస్తుంటారు, చాలాసార్లు అది సరిపోతుంది కూడా, కానీ చెట్టును చూసి పురుగుకు పేరు పెట్టడం నాకు నచ్చదు. చూడాల్సింది తల వెనకున్న పలక, అంటే ప్రోనోటమ్, దాని వెనక మూలల్లోని వెంట్రుకల జత. ఉజెలిలో ఇవి పొడవు, పక్కనుండే ఎపిమెరల్ వెంట్రుకలకు ఇంచుమించు సమానం. ఫికోరమ్‌లో బాగా పొట్టి.

ఆ వెంట్రుకలు తెలియాలంటే స్లైడ్ శుభ్రంగా రావాలి. పురుగు ఒళ్లు నల్లగా ఉంటుంది కాబట్టి 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, కడిగి, 60 శాతం ఆల్కహాల్ నుంచి మెల్లగా పెంచుకుంటూ పూర్తి ఆల్కహాల్‌కు, అక్కడినుంచి లవంగ నూనెలోకి, చివరికి స్లైడ్‌కు పురుగును అతికించే జిగురు, కెనడా బాల్సమ్‌లోకి. కవర్‌స్లిప్ మీద బాల్సమ్ చుక్కలో పురుగును పొట్ట పైకి వచ్చేలా పడుకోబెట్టి, పైనుంచి స్లైడ్ ఆనించి తిప్పేస్తే వీపు మనవైపు వస్తుంది. రెక్కలు, మీసాలు సర్దడం ఇక్కడే, తొందరపడితే అన్నీ విరుగుతాయి. ఆరడానికి మాత్రం ఓపిక కావాలి.

నా స్లైడ్లలో వెంట్రుకలు పొడవే, కాబట్టి ఉజెలి.

ఒక్క జాగ్రత్త. మడతలో ఉన్నవన్నీ మడత చేసినవే అనుకోవద్దు. ఆండ్రోత్రిప్స్ రామచంద్రై అనే మరో తామర పురుగు ఇలాంటి మడతల్లోనే దూరి ఉంటుంది, ముందుకాలి తొడ లోపలివైపు మొదట్లో చిన్న బుడిపె కనిపిస్తే అదేనేమో చూడాలి. అందుకే ఒక్కో మడత నుంచి కొన్ని పురుగులను స్లైడ్ ఎక్కించడం మేలు.

లేబుల్ మీద గైనైకోత్రిప్స్ ఉజెలి (జిమ్మర్‌మాన్, 1900) అని రాశాను. ఆ బ్రాకెట్లు అలంకారం కాదు: ఈ జాతికి పేరు పెట్టిన జిమ్మర్‌మాన్ మొదట దీన్ని మెసోత్రిప్స్ అనే ప్రజాతిలో పెట్టాడు, ప్రజాతి మారినందుకు బ్రాకెట్లు వచ్చాయి. 1908లో మార్షల్ పేరు పెట్టిన ఫికోరమ్‌కూ ఇదే కథ, అది మొదట ఫ్లియోత్రిప్స్. ఉజెలి అనే పేరేమో 1895లో తామర పురుగుల మీద పెద్ద గ్రంథం రాసిన ఉజెల్‌ది.

తర్వాతి పని మైక్రోకార్పా ఆకులు, వాటి స్లైడ్లు కూడా ఆరాక పక్కపక్కన పెట్టి వెంట్రుకలు కొలవాలి.