జబ్బు పేరు మావయ్యకి చెప్పారు, మాకు చెప్పలేదు

మా తమ్ముణ్ణి విజయవాడలో ఓ ప్రైవేటు సైకియాట్రీ ఆసుపత్రిలో చేర్చాం. ఓపీ, రక్తపరీక్షలు, రూము అన్నీ సాఫీగానే జరిగాయి. డబ్బు కడితే అవి వాటంతటవే అయిపోతాయి. చిక్కంతా వాడికొచ్చిన జబ్బేంటని అడిగినప్పుడే.

"పేరుతో మీకేం పనమ్మా, మందులు మానకుండా వేయించండి" అన్నారు డాక్టరుగారు, సెల్‌ఫోన్ మీంచి కళ్ళెత్తకుండానే. బయటికొస్తుంటే కాంపౌండరు, "మీ ఇంట్లో మగవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు. రాత్రుళ్ళు వాడి పక్కన మేలుకునేది అమ్మ, మాత్రలు లెక్కపెట్టి ఇచ్చేది నేను.

మర్నాడు గుంటూరు నుంచి మావయ్య ఇస్త్రీ చొక్కాతో దిగాడు. ఆయన్ని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి మొత్తం చెప్పేశారు. సాయంత్రానికల్లా బ్రాడీపేట పిన్ని అమ్మకి ఫోన్ చేసి, "స్కిజోఫ్రీనియా అంటగా, ఇక వాడికి పెళ్ళి చేయరా?" అంది. లేని గొంతులు వినిపించి, లేనిపోని అనుమానాలు పుట్టించే మానసిక జబ్బది. అమ్మ ఆ పేరు వినడం అదే మొదలు. ఫోన్ పట్టుకునే వార్డు మెట్ల మీద కూలబడింది. తమ్ముడికైతే అప్పటికీ ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో చూస్తే జబ్బు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్20' అని, ఆ జబ్బుకి డాక్టర్లు వాడే కోడ్ ఒక్కటే!

నేను బ్యాంకు ఉద్యోగిని, రూల్సు నాకు చెప్పక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తిరగేశా. జబ్బేంటో, ఏం వైద్యం చేస్తారో అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు రోగికీ, రోగి ఎంచుకున్న ప్రతినిధికీ 22వ సెక్షన్ ఇస్తోంది. రోగి ఎవరి పేరూ రాసివ్వకపోతే బంధువునే ప్రతినిధిగా లెక్కేస్తారు. మావయ్యా బంధువే మరి! అందుకే పేరు రాయించడం ముఖ్యం. 14వ సెక్షన్ ప్రకారం రోగి తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, ఎంచుకున్న మనిషి కూడా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి.

తమ్ముడు కాస్త కుదుటపడ్డాక తనే నా పేరు రాసిచ్చాడు. తర్వాత గుంటూరులో ఇంకో డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి తెలుగులో చెప్పింది. బాగుందని మందులు మానేస్తే జబ్బు తిరగబెడుతుందట. నిద్ర తగ్గినా, ఊరికే అనుమానాలు మొదలైనా వెంటనే రమ్మంది. "అయితే నాకు వినిపించే ఆ గొంతులు జబ్బు వల్లేనా?" అని తమ్ముడు రెండుసార్లు అడిగాడు. ఆవిడ రెండుసార్లూ ఓపిగ్గా జవాబిచ్చింది.

మీకూ ఇదే అవసరం పడితే చుట్టాల్ని గేటు దగ్గరే ఆపండి. రోగి ఎదుటే అడగండి. ఎటూ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ప్రతినిధి కాగితం ఇచ్చేటప్పుడు ఇంకో కాపీ మీద ఆసుపత్రి స్టాంపు వేయించుకోండి. "అలాంటివి ఇక్కడ ఉండవు" అంటారు. వేసేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.