ఏథెన్స్‌లో ఏటీఎం ముందు

2015 జులైలో గ్రీసు వెళ్లాను. అక్రోపోలిస్ ఎక్కాను, పిరేయస్ రేవులో ఓడెక్కి దీవులూ చూశాను. వాటి గురించి రాసినవాళ్లు బోలెడుమంది. నన్ను కదిలించింది మాత్రం సింటగ్మా చౌక్ దగ్గర ఒక ఏటీఎం క్యూ.

గ్రీసు అప్పుల సంక్షోభంలో ఉంది, బ్యాంకులు మూసేశారు. అక్కడివాళ్లకు రోజుకు 60 యూరోలే ఇస్తున్నారు. మన విదేశీ కార్డులకు ఆ లెక్క లేదు గానీ, మెషిన్‌లో డబ్బుండాలి కదా! 20 నోట్లు అయిపోయాయంటే 50 నోటు ఒక్కటే చేతికొస్తుంది, మిగతా పది దక్కనట్టే. తిండి దగ్గరా క్యాష్ అంటారు, గది దగ్గరా క్యాష్ అంటారు. మెట్రో, సిటీ బస్సులు మాత్రం ఆ రోజుల్లో ఫ్రీ.

నా ముందున్నావిడ రిటైరైన టీచరు. చేతిలో మందుల చీటీ. అప్పులిచ్చినవాళ్ల షరతులకు ఒప్పుకోవాలా వద్దా అని ఆ నెలలోనే పెట్టిన రెఫరెండంలో ‘వద్దు’ అనే ఓటేశానంది. 61 శాతం మంది వేసిన ఓటు అదే. ‘‘అంటే యూరో నుంచి బయటికి వచ్చేయాలనేనా?’’ అన్నాను. ఆవిడకు కోపమొచ్చింది. ‘‘అప్పులిచ్చినవాళ్ల షరతులు వద్దన్నాను. యూరోని ఎవరు వద్దన్నారు? పెన్షన్ ఇప్పటికే కోసేశారు. మిగిలింది మా పాత కరెన్సీ ద్రాక్మాల్లో ఇస్తే నెల తిరిగేసరికి దానికి ఏం విలువుంటుంది? ఈ మందులు బయటి దేశాల నుంచి రావాలి.’’

వెనకాల కుర్రాడు ఊరుకోలేదు. ‘‘నా వయసువాళ్లలో సగం మందికి పని లేదండీ. మా వడ్డీ రేటు ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు తేలుస్తుంది. సొంత డబ్బుంటే విలువ తగ్గించుకుంటాం, టూరిస్టులు వస్తారు, మా సరుకు బయట అమ్ముడుపోతుంది.’’

కుర్రాడి మాట కొట్టిపారేయలేం. 2002లో డాలరుతో ముడి తెంచుకున్న అర్జెంటీనా మొదట నానా అవస్థలు పడ్డా తర్వాత కోలుకుంది. కానీ వాళ్ల చేతిలో సొంత కరెన్సీ పెసో ఉంది. గ్రీసులో ద్రాక్మా నోట్లు 2002లోనే చెలామణీ నుంచి పోయాయి. కొత్తవి అచ్చేయడానికి నెలలు పడుతుంది, ఆ సంగతి పొక్కిందంటే జనం బ్యాంకుల్లో ఉన్న యూరోలన్నీ ఊడ్చుకుపోతారు. పైగా అప్పు 300 బిలియన్ యూరోల పైమాటే. అందులో ఎక్కువ భాగం బయటి ప్రభుత్వాలకూ సంస్థలకూ ఇవ్వాల్సిందే, దాన్ని ద్రాక్మాల్లో తీసుకోమంటే వాళ్లు ఒప్పుకోరు. ద్రాక్మా విలువ సగానికి పడితే ఆ అప్పు రెట్టింపైనట్టే. ఉన్నవాళ్లు ముందే డబ్బు దేశం దాటించేశారు. దెబ్బ తగిలేది ఆ క్యూలో నిలబడ్డవాళ్లకే.

అందుకే నేను టీచరమ్మ పక్షం. యూరోలోనే ఉండాలి, అప్పు మాత్రం తగ్గించాలి. 1953లో లండన్ ఒప్పందంతో జర్మనీ అప్పు దాదాపు సగం మాఫీ అయింది. ఆ ఒప్పందం మీద గ్రీసు కూడా సంతకం పెట్టింది. 2015లో గ్రీసు అప్పు అసలులో కొంత కొట్టేయమంటే మాత్రం జర్మనీ ఒప్పుకోలేదు. ఈ అప్పు ఇలా తీరేది కాదని అప్పులిచ్చినవాళ్లలో ఒకటైన ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) కూడా ఆ నెలలోనే చెప్పింది.

ఎవరూ వినలేదు. జులై 13న ప్రధాని సిప్రాస్ ప్రభుత్వం జనం వద్దన్న వాటికన్నా కఠినమైన షరతులకు తలూపాల్సి వచ్చింది. 20న బ్యాంకులు తెరిచారు. హోటల్ భోజనం మీద వ్యాట్ అదే రోజు 13 నుంచి 23 శాతానికి పెరిగింది.