కళ్ళు మూసుకుంటే కదిలే బొమ్మలు

హారర్ గేమ్ బాగుందా లేదా తేల్చడానికి మా తమ్ముడి దగ్గర ఒకటే కొలత ఉంది: ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డాం. ఆ లెక్కన ‘ద మిడ్‌నైట్ వాక్’కి పాస్ మార్కులు కూడా రావు. నేను ఆడుతున్నంతసేపూ వాడు పక్కన కూర్చుని చిప్స్ నములుతూ "ఇంతేనా అక్కా?" అని సతాయిస్తూనే ఉన్నాడు. నేను మాత్రం ఆ రాత్రి నీళ్ళు తాగడానికి లేచి హాల్లో లైటు వేశాకే అడుగు బయట పెట్టాను.

ఎందుకంత భయమో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను హైదరాబాద్‌లో ఒక వీఎఫ్ఎక్స్ స్టూడియోలో రోటో చేస్తాను. షాట్‌లో ఉన్న మనిషి చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి, వెనక ఉన్నదాంట్లోంచి వేరు చేసే పని. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. మనిషి చెయ్యి విసిరినప్పుడు వేళ్ళు మసకగా సాగినట్టు పడతాయి కదా, ఆ మోషన్ బ్లర్ దగ్గరే మా ప్రాణాలు పోతాయి. వేలు ఎక్కడ అయిపోయిందో, గాలి ఎక్కడ మొదలైందో తెలియదు. అయినా గీత గీయాల్సిందే. రోజంతా ఆ మసకతోనే కాపురం కాబట్టి, అది లేని బొమ్మ కనిపిస్తే నా కన్ను ఠక్కున అక్కడే ఆగిపోతుంది.

స్టాప్ మోషన్‌లో ఆ మసక ఉండదు. బొమ్మను ఒక భంగిమలో నిలబెట్టి ఫొటో తీస్తారు, చేత్తో రవ్వంత జరుపుతారు, మళ్ళీ ఫొటో. ఫొటో పడే క్షణంలో బొమ్మ కదలట్లేదు, ఇక మసక ఎక్కణ్ణుంచి వస్తుంది? అది లేకపోవడం వల్లే కదలిక గతుకుతున్నట్టు ఉంటుంది. 1981లో ‘డ్రాగన్‌స్లేయర్’ సినిమా కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే ఎఫెక్ట్స్ కంపెనీ వాళ్ళు కెమెరా షటర్, అంటే లోపలికి వెలుగు వదిలే మూత, తెరిచి ఉండగానే డ్రాగన్ బొమ్మను మోటార్లతో కాస్త కదిలించి మరీ ఆ మసక తెప్పించారు. గో మోషన్ అంటారు దాన్ని. కదలికలోని ఆ గతుకు కనబడకుండా చెయ్యడానికి అంత తిప్పలు పడ్డారు. ఈ గేమ్ చేసినవాళ్ళు మాత్రం ఆ గతుకునే కోరి తెచ్చుకున్నారు.

కోరి అని ఎందుకన్నానంటే, సాంకేతికంగా ఇది స్టాప్ మోషన్ కాదు. స్వీడన్‌లోని మూన్‌హుడ్ అనే చిన్న స్టూడియో దీన్ని చేసింది. 2025 మే 8న ప్లేస్టేషన్ 5కీ (పీఎస్5) పీసీకీ వచ్చింది. కళ్ళకు కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ ఉంటే వీఆర్‌లో ఆడొచ్చు, లేకపోతే మామూలుగా టీవీలోనే. వందల కొద్దీ బొమ్మలనూ సామాన్లనూ నిజంగానే మట్టితో చేతుల మీద చేసి, వాటిని 3డీ స్కాన్ చేసి, కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ తర్వాత యానిమేషన్‌లో కొన్ని ఫ్రేములు ఎగరగొట్టి, బొమ్మ ఆగి ఆగి కదులుతున్నట్టు చేశారు. స్టాప్ మోషన్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు కొందరు దీన్ని మోసం అంటారు. నాకు అలా అనిపించలేదు. ఎందుకంటే అసలు స్టాప్ మోషన్ సినిమాలో జరగనిది ఒకటి ఇందులో జరుగుతుంది. ఇక్కడ కెమెరా మన తలే, మనం తల తిప్పినప్పుడు ప్రపంచం నున్నగా తిరుగుతుంది. ఆ నున్నటి ప్రపంచంలో ఎదురుగా వచ్చేది మాత్రం గతుకుతూ వస్తుంది. అంటే మన కాలం ఒకటి, దాని కాలం ఇంకొకటి. రోటో చేసేవాళ్ళకి ఇది కడుపులో తిప్పేసే వ్యవహారం.

కథ పెద్దగా చెప్పను. మన పాత్ర పేరు ‘కాలినవాడు’. మన వెంట పాట్‌బాయ్ అని చిన్న జీవి నడుస్తుంది, నెత్తి మీద నిప్పు. కుంపటికి కాళ్ళొచ్చి మన వెనకాల పడ్డట్టుంటుంది. వాడి నిప్పుతో దీపాలు వెలిగించుకుంటూ, అగ్గిపుల్లలు గీసుకుంటూ చీకట్లో నడవడమే గేమ్. కొంత దూరం పోయాక అగ్గిపుల్లలు పేల్చే తుపాకీ ఒకటి చేతికొస్తుంది, దూరంగా ఉన్న కొవ్వొత్తి వెలిగించడానికి. కొట్లాట లేదు. దారిలో పాకుతూ తిరిగేవి ఉంటాయి. అవి కనిపిస్తే నక్కాలి, లేదా పరిగెత్తాలి.

అసలు సంగతి కళ్ళు మూసుకోవడం. ఈ గేమ్‌లో కళ్ళు మూసుకోవడానికి ఒక బటన్ ఉంది. నొక్కితే తెర నల్లగా అయిపోయి, చెవులు తెరుచుకుంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఏ వైపు నుంచి ఏం పాకుతోందో, ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. కంటికి కనపడనివి కూడా అప్పుడే వినిపిస్తాయి. కన్ను గుర్తు ఉన్న కొన్ని వస్తువులైతే మనం కళ్ళు మూసి తెరిచేసరికి మారిపోయి ఉంటాయి. ప్లేస్టేషన్ హెడ్‌సెట్ పీఎస్ వీఆర్2లో బటన్ కూడా అక్కర్లేదట, మన నిజం కళ్ళు మూసుకుంటే హెడ్‌సెట్ కనిపెట్టేస్తుంది. నాకు హెడ్‌సెట్ లేదు. బటన్‌తోనే గుండె దడదడలాడింది, చాలు.

ఆ బటన్ మీద వేలు పెట్టి ఆలోచిస్తుంటే తట్టింది. స్టాప్ మోషన్ బొమ్మ ఎప్పుడు కదులుతుంది? కెమెరా చూడనప్పుడే. రెండు ఫొటోల మధ్య, షటర్ మూసి ఉన్నప్పుడు ఎవరిదో చెయ్యి వచ్చి దాన్ని జరిపి వెళ్ళిపోతుంది. మనకు చూపించే ప్రతి ఫ్రేములోనూ అది బుద్ధిగా నిలబడే ఉంటుంది. కదలిక అంతా మన కళ్ళు మూసి ఉన్న ఆ సందులోనే జరిగిపోతుంది. చిన్నప్పుడు బీరువా మీద పెట్టిన బొమ్మ గురించి పిల్లలందరికీ ఉండే అనుమానం ఇదే కదా, మనం పడుకున్నాక అది లేచి తిరుగుతుందని. మూన్‌హుడ్ వాళ్ళు ఆ షటర్‌ను పట్టుకొచ్చి మన రెప్పకి తగిలించారు. ఇప్పుడు రెప్ప వేసేది మనం, ఆ సందులో జరిగిపోయేది వాళ్ళ బొమ్మ. ఇది చెబితే తమ్ముడు "నువ్వు ఆఫీసు నుంచి బయటికి రావడం లేదక్కా" అన్నాడు. కావచ్చు.

నిజానికి ఈ కళ పుట్టుకలోనే కాస్త స్మశానం వాసన ఉంది. 1910 ప్రాంతంలో లిథువేనియాలోని కౌనస్‌లో మ్యూజియం నడిపే వ్లాదిస్లావ్ స్టారెవిచ్, కొమ్ముల్లాంటి దవడలుండే స్టాగ్ బీటిల్ పురుగుల పోట్లాటను సినిమా తీయబోయాడు. అవి రాత్రి తిరిగే జాతి. లైట్లు వెయ్యగానే బిగుసుకుపోయేవి. దాంతో చచ్చిన పురుగులు తెచ్చి, కాళ్ళు ఊడదీసి, మైనంతోనూ తీగలతోనూ మళ్ళీ అతికించి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ తీశాడు. చూసినవాళ్ళలో కొందరు అవి బతికున్నవే, శిక్షణ ఇచ్చారు అనుకున్నారట. చచ్చినదాన్ని లేపి ఆడించాలన్న కోరిక లేనివాడు ఈ పనిలోకి దిగడని నాకెప్పుడూ అనుమానమే.

నేనూ కొన్నాళ్ళు దిగాను. యానిమేషన్ కోర్సులో ఉన్నప్పుడు ప్లాస్టిసిన్‌తో, అంటే బొమ్మలు చేసే మట్టిలాంటి ముద్దతో, ఒక ముసలమ్మ బొమ్మ చేసి చిన్న ఫిల్మ్ తీశాను. మే నెల. ఏసీ లేని గది. ఫ్రేము మారినప్పుడల్లా వెలుగు మినుకుమంటుందని కిటికీలకు నల్లగుడ్డ కట్టేశాం, లోపల రెండు పెద్ద లైట్లు. ప్లాస్టిసిన్‌లో ఉండేది నూనె, మైనం. వేడికి అది మెత్తబడుతూ ఉంటుంది. ఆ షాట్‌లో ముసలమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, చెయ్యి ఒక్కటే ఎత్తాలి. నేను చెయ్యి మాత్రమే జరిపాను. సాయంత్రం ఫొటోలన్నీ వరసగా పెట్టి నడిపిస్తే, చెయ్యి ఎత్తుతూ ఆవిడ తల కూడా మెల్లగా వంచింది. ఎవరినో చూస్తున్నట్టు. ఆ తల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వేడికి మెడ కుంగిందని తెలుసు, అయినా పక్కనున్న ఫ్రెండూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఫిల్మ్ మొత్తంలో బాగా వచ్చిన షాట్ అదే. మా సార్ కూడా దాన్నే మెచ్చుకున్నారు, "ఆ తల వంచడం ఎంత బాగా ఊహించావమ్మా" అని. నేను నోరు మెదపలేదు.

మిడ్‌నైట్ వాక్‌లో నాకు అంత భయం పుట్టించినది పాకే జంతువులు కాదు. నిజం చెప్పాలంటే అవి రెండోసారి ఎదురయ్యేసరికి పాతబడతాయి. దాక్కోవడం, పాట్‌బాయ్‌ని ఎరగా పంపడం, అటు తిరిగినప్పుడు ఇటు జారుకోవడం, మళ్ళీ అదే. మధ్యలో ఒకచోట నాకు ఆవలింత కూడా వచ్చింది. పాట్‌బాయ్ ముద్దు కూడా కాస్త ఎక్కువైంది. భయపడదామనుకున్న ప్రతిసారీ వాడొచ్చి ఏదో ఒకటి చేసి నవ్వించేస్తాడు. ఇంకొంచెం తక్కువ దయ చూపించి ఉంటే బాగుండేది.

భయం పుట్టించినవి గోడలు, మొహాలు. దీపం దగ్గరగా పట్టుకుంటే మట్టి మీద వేళ్ళు ఒత్తిన గుంటలు కనిపిస్తాయి. ఎవరో బొటనవేలితో బుగ్గ నొక్కారు, గోటితో కన్ను అంచు తీశారు, అక్కడే వదిలేశారు. అగ్గిపుల్ల వెలుగు కదిలినప్పుడు ఆ గుంటల్లో నీడ నిండి ఖాళీ అవుతూ ఉంటుంది. మామూలు గేమ్‌లో రాక్షసుణ్ణి ఎవరు చేశారన్న ఆలోచనే రాదు. ఇక్కడ చేసినవాడి చెయ్యి ఇంకా దాని మీద ఉన్నట్టే ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. స్టాప్ మోషన్‌తో తీసిన ‘కింగ్ కాంగ్’ సినిమా 1933లో వచ్చినప్పుడు, ఆ పెద్ద కోతి కాంగ్ ఒంటి మీద జుట్టు ఊరికే కదులుతూ ఉండేది, యానిమేటర్ వేళ్ళు తగిలి. కోపంతో రోమాలు నిక్కబొడుచుకున్నాయని చూసినవాళ్ళు అనుకున్నారు. కనపడని చెయ్యి అంటే అదే.

హెడ్‌ఫోన్స్ లేకుండా మాత్రం దీన్ని ఆడకండి, సగం గేమ్ చెవుల్లోనే ఉంది. యూట్యూబ్‌లో ఎవరో ఆడితే చూడటం కూడా దండగ. కళ్ళు మూసుకునేది మనం కాకపోతే ఇందులో ఏమీ లేదు.

కంప్యూటర్ చెయ్యి పడని అసలు సిసలు మట్టి పని కావాలంటే, ఇదే స్వీడన్ నుంచి వచ్చిన ‘ద డ్రీమ్ మెషీన్’ చూడండి. మట్టి, అట్టముక్కలతో ఇద్దరు మొదలుపెట్టిన గేమ్, చివరిదైన ఆరో అధ్యాయం 2017లో వచ్చింది. కొత్తగా అద్దెకు దిగిన జంట, భార్య గర్భవతి, ఇంటి ఓనర్ వాలకం తేడాగా ఉంటుంది. ఆ తర్వాత పక్క ఫ్లాట్ల వాళ్ళ కలల్లోకి వెళ్ళాలి. నిదానంగా నడుస్తుంది, ఓపిక కావాలి. అంత టైమ్ లేదంటే 2020లో వచ్చిన ‘ఐసోలోమస్’ ఉంది, ఒక్క కూర్చోవడంలో అయిపోయే ప్లాస్టిసిన్ పీడకల. అది మా తమ్ముడితో ఆడించాను. ఉలిక్కిపడలేదు. కానీ అయిపోయాక "ఇది చేసినోడు బాగానే ఉన్నాడా అక్కా?" అని అడిగాడు, చిప్స్ ప్యాకెట్ మాత్రం సగంలోనే ఉంది.